రెండు గదుల ఇంట్లో చదువుకు ఒక మూల

[షాట్: హాల్లో కిటికీ పక్కన చాప. రెండు వాలుబల్లలు, పొట్టి అలమర.]

నమస్తే అండి. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్తున్నామని అనగానే చాలామంది అడిగేది ఒకటే: "వాళ్లకు వేరే గది ఉందా?" లేదండి. మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. హాల్లో కిటికీ పక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు ఉంది. ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు అక్కడే చదువుకుంటారు. ఆ చోటు ఎలా కుదురుకుందో ఈరోజు చూపిస్తాను.

[షాట్: ఖాళీ గోడ. మధ్యలో ఒకే ఒక చార్టు.]

ముందు గోడ. హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టిన కొత్తలో కోఠీకి వెళ్లి దొరికిన చార్టులన్నీ తెచ్చాను. అక్షరమాల, ఎక్కాలు, పండ్లు, జంతువులు, గ్రహాలు. గోడంతా నింపేశాను. బాబు 'అ' రాసి 'ఆ' మొదలుపెట్టేలోపు తలెత్తి ఏనుగును చూసేవాడు. "ఇటు చూడు నాన్నా" అని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే మాట. వాడికి ఏకాగ్రత లేదేమోనని చాలా బెంగపడ్డాను.

తర్వాత అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన ఒక పరిశోధన గురించి చదివాను. కిండర్‌గార్టెన్ పిల్లలు 24 మందికి కొన్ని సైన్స్ పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో చెప్పారు, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. బొమ్మల గదిలో పిల్లల ధ్యాస పాఠం మీద లేని సమయం సుమారు 39 శాతం. ఖాళీ గోడల గదిలో 28 శాతం. పరీక్ష పెడితే బొమ్మల గదిలో విన్న పాఠాలకు 42 శాతం జవాబులు సరిగ్గా వచ్చాయి, ఖాళీ గదిలో విన్నవాటికి 55 శాతం. పిల్లలు కొద్దిమందే, నిజమే. కానీ మా గోడ ముందు నేను రోజూ చూస్తున్నది కూడా అదే.

చార్టులన్నీ తీసేశాను. ఇప్పుడు ఒక్కటే ఉంటుంది, ఆ వారం చదివేదానికి సంబంధించినది. చాప మీద కూర్చుంటే పిల్లల కళ్లకు ఎదురుగా వచ్చే ఎత్తులో అంటిస్తాను. సోమవారం పొద్దున మారుస్తాం. మిగతావి చుట్టి అలమర వెనక పెట్టాను.

[షాట్: పొట్టి అలమర. బాబు తనే పళ్లెం తీసుకుంటున్నాడు.]

ఈ అలమర రెండున్నర అడుగుల ఎత్తే. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని సాన్ లోరెంజోలో పేద కుటుంబాల పిల్లల కోసం బడి తెరిచినప్పుడు బల్లలు, కుర్చీలు, అరలు అన్నీ పిల్లల కొలతకే చేయించారు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. ఖరీదైన సామాన్లు కొనలేకపోయినా, చేతికందే ఎత్తు అనే ఒక్క విషయం ఆవిడ దగ్గర తీసుకోవచ్చు. "అమ్మా, అది తీసివ్వు" అనే పిలుపు ఆగిపోతే ఇంట్లో సగం గోల తగ్గుతుంది.

ఒక్కొక్కరికి ఆరు వస్తువులే బయట ఉంటాయి. ఒక్కోటి ఒక స్టీలు పళ్లెంలో. లెక్కలకు వంద చింతగింజలు, పలక, మట్టి ముద్ద, దారం ఎక్కించే పూసలు, అలాంటివి. మిగతావి అటక మీద ట్రంకుపెట్టెలో. పదిహేను రోజులకోసారి మారుస్తాం. అటక మీంచి దిగిన పాత వస్తువును కూడా పిల్లలు కొత్తదానిలా పట్టుకుంటారు.

కూర్చోవడానికి చాప, రాయడానికి వాలుబల్ల. మీ ఇంట్లో కుర్చీ అలవాటైతే పిల్లల పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. గాల్లో ఊగుతుంటే కింద పీట వేయండి, లేదా పాత పేపర్లు కట్టగా కట్టి పెట్టండి. కుడిచేత్తో రాసే పిల్లలకు కిటికీ ఎడమవైపు ఉండాలి. లేకపోతే చేతి నీడ రాసే అక్షరం మీదే పడుతుంది. మా పాపది ఎడమచేయి, తనకు కిటికీ కుడివైపు ఉండాలి. అందుకే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు.

[షాట్: వంటింటి తలుపు. గోడ గడియారం తొమ్మిది చూపిస్తుంది.]

ఇక చప్పుడు. ఫ్లాట్‌లో నిశ్శబ్దం దొరకదు, దానికోసం పిల్లల్ని గదమాయించకూడదు కూడా. ఫ్యాన్ హోరు, రోడ్డు మీద బండ్లు పిల్లలు పట్టించుకోరు. ఉన్నట్టుండి వచ్చే చప్పుడుకి ఉలిక్కిపడతారు. మాటలున్న చప్పుడైతే చెవి అటే లాగుతుంది. అందుకని కుక్కరు, మిక్సీ పనులు తొమ్మిదిలోపే అయిపోవాలని పెట్టుకున్నాను. మా అత్తయ్యగారు సీరియల్ పునఃప్రసారం చూసే టైమ్‌ను పన్నెండుకి మార్చుకున్నారు. నేను అడగలేదు. ఒకరోజు పాప చెవులు మూసుకుని చదవడం చూసి తనే టీవీ ఆపేశారు. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి.

తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా పిల్లల చదువు. నా ఫోన్ కూడా ఆ రెండున్నర గంటలు బెడ్‌రూమ్‌లోనే.

ఆ చోటులో అన్నిటికంటే పెద్ద వస్తువు అమ్మ మొహమే అనిపిస్తుంది నాకు. చుట్టాలెవరో "సర్టిఫికెట్ సంగతేంటి, పదో తరగతి ఎలా రాస్తారు?" అని అడిగిన మర్నాడు నేను పాఠం చెప్పే గొంతే మారిపోయేది. పిల్లలు వెంటనే పసిగట్టేవాళ్లు. ఆ టెన్షన్ తగ్గడానికి వివరాలు తెలుసుకోవడమే మార్గం. బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్, చిన్న పిల్లలకు ఎ, బి, సి అని మూడు స్థాయిలు నడుపుతుంది. అవి 3, 5, 8 తరగతులకు సమానం. 14 ఏళ్లు నిండాక పదో తరగతి స్థాయి కోర్సులో చేరవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా ఉన్నాయి. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి నా బీరువాలో పెట్టుకున్నాను. పిల్లల మూలలో పెట్టలేదు.

[షాట్: పదకొండున్నర. పాప చింతగింజలు పదేసి లెక్కపెట్టి డబ్బాలో వేస్తోంది. బాబు చాప చుట్టి, తలుపు వెనక నిలబెట్టి, వంటింట్లోకి పరిగెత్తాడు.]

"అమ్మా, పప్పులో నెయ్యి వేశావా?"