అన్ని గేమ్‌లకూ ఒకటే స్టోర్ వస్తే బాగుంటుందా? | రివ్యూ

నమస్తే అండీ, ఛానెల్‌కి స్వాగతం. ఈసారి రివ్యూ చేస్తున్నది గేమ్‌ని కాదు, ఒక ఆలోచనని. పీసీ, కన్సోల్, ఫోన్ అన్నిటికీ కలిపి ఒకటే డిజిటల్ స్టోర్. అక్కడ ఒక్కసారి కొంటే చాలు, ఆ గేమ్ దేంట్లోనైనా ఆడుకోవచ్చు. 2021 నవంబర్‌లో సియోల్‌లో జరిగిన ఒక సదస్సులో, ఫోర్ట్‌నైట్ గేమ్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ అధిపతి టిమ్ స్వీనీ సరిగ్గా ఇలాంటి స్టోరే కావాలన్నారు.

ఈ మాట నాకు ఎందుకంత పట్టిందో చెప్తాను. ఒకే గేమ్‌ని నేను మూడుసార్లు కొన్నాను. మొదట కన్సోల్‌లో, తర్వాత పీసీలో, ఆ తర్వాత ప్రయాణాల్లో ఆడుకుందామని హ్యాండ్‌హెల్డ్‌లో, అంటే చేతిలో పట్టుకుని ఆడే చిన్న పరికరంలో. మూడుసార్లూ పూర్తి ధరే కట్టాను. నలభై గంటలు ఆడిన సేవ్, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకునే ఫైల్ మాత్రం మొదటిదాంట్లోనే ఉండిపోయింది. పీసీలో మళ్లీ ట్యుటోరియల్ నుంచి మొదలుపెట్టినప్పుడు నిజంగా బాధేసింది. అందుకే ఈ ఆలోచన విన్న వెంటనే అవునన్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే నా అభిప్రాయం మారింది.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌నే చూడండి. 2003లో వచ్చింది. 2004లో హాఫ్-లైఫ్ 2 అనే గేమ్ డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ వేసుకోక తప్పలేదు, చాలామందికి అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడేమో ఏ గేమ్ వచ్చినా స్టీమ్‌లో ఉందా అనే అడుగుతున్నాం. అక్కడ అమ్మకాల్లో మామూలుగా 30 శాతం స్టోర్‌కి పోతుంది. 2018 డిసెంబర్‌లో ఎపిక్ స్టోర్ 12 శాతం చాలంటూ వచ్చింది. ఉన్నదే ఒక్క స్టోర్ అయితే ఆ 12 అనే అంకె మనం వినేవాళ్లమే కాదు. గేమ్ తయారు చేసేవాళ్లకి వేరే తలుపు ఉండాలి.

ఇంకోటి, నన్ను ఎక్కువ భయపెట్టేది. 2023 మార్చిలో నింటెండో పరికరాలైన వీ యూ, 3డీఎస్‌ల స్టోర్లలో కొనుగోళ్లు ఆగిపోయాయి. 2024 జూలైలో ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూతపడింది. డిజిటల్‌గా మాత్రమే అమ్మిన కొన్ని గేమ్‌లను ఇక ఎవరూ కొత్తగా కొనలేరు. 2025 జూలైలో పేమెంట్ కంపెనీల ఒత్తిడి వల్ల స్టీమ్, చిన్న గేమ్‌లు ఎక్కువగా అమ్మే ఇచ్.ఐఓ సైట్ రెండూ కొన్ని రకాల పెద్దల గేమ్‌లను తీసేశాయి. ఆ గేమ్‌లు మనకి నచ్చుతాయా లేదా అన్నది వేరే విషయం. ఉన్న కౌంటర్ ఒక్కటే అయితే, అక్కడ ఒత్తిడి తెచ్చినవాళ్లు ఏ గేమ్‌నైనా అందరికీ అందకుండా చేయగలరు.

మరి మూడుసార్లు కొనే బాధ తీరేదెలా? సినిమాల్లో దీనికొక దారి ఉంది. అమెరికాలో 2017 నుంచి మూవీస్ ఎనీవేర్ అని ఒక సర్వీస్ నడుస్తోంది. అందులో చేరిన స్టూడియోల సినిమాని ఆపిల్‌లో కొంటే, అకౌంట్లు కలుపుకున్నాక అదే సినిమా అమెజాన్‌లో కూడా కనిపిస్తుంది. షాపులు వేర్వేరుగానే ఉన్నాయి, కొన్నట్టు చూపే రికార్డు మాత్రం ఒకటే. మనకి కావలసింది ఇదే అని నా నమ్మకం. 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ కార్ట్‌లోనే రాసి చూపిస్తోంది, మీరు కొంటున్నది లైసెన్స్ అని. కొన్నది లైసెన్సే అయితే దాన్ని ఒక్క షాపుకే ఎందుకు కట్టేయాలి?

అయితే సినిమా ఫైల్ వేరు, గేమ్ వేరు. ఒక్కో కన్సోల్‌కి గేమ్‌ని విడిగా తయారు చేయాలి, టెస్ట్ చేయాలి, ప్యాచ్‌లు ఇవ్వాలి. కన్సోల్ కంపెనీలు కూడా పెట్టె మీద పెద్దగా మిగలకపోయినా, స్టోర్ వాటాలో రాబట్టుకుందామని లెక్క వేసుకుంటాయి. పైగా ఒక షాపులో కొని ఇంకో షాపు నుంచి నూరు జీబీ దించుకుంటే, ఆ రెండో షాపుకి సర్వర్ ఖర్చు తప్ప ఏమీ రాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

చిన్న స్థాయిలో ఇది జరుగుతూనే ఉంది. ఎక్స్‌బాక్స్ ప్లే ఎనీవేర్ 2016లో వచ్చింది. ఆ గుర్తు ఉన్న గేమ్‌ని ఒక్కసారి కొంటే ఎక్స్‌బాక్స్‌లోనూ, విండోస్‌లోనూ ఆడుకోవచ్చు, సేవ్ కూడా వెంట వస్తుంది. కానీ రెండువైపులా ఉన్నది మైక్రోసాఫ్టే కాబట్టి అక్కడ పేచీ లేదు. గాగ్ గెలాక్సీ అనే పీసీ యాప్ వేర్వేరు స్టోర్లలో మనం కొన్న లైబ్రరీలనీ ఒక్క చోట చూపిస్తుంది, బాగుంటుంది. కానీ అది జాబితానే, కొన్న గేమ్‌ని ఒక షాపు నుంచి ఇంకో షాపుకి మార్చదు.

ఇక మార్కులు. ఒకటే స్టోర్ అన్న ఆలోచనకి 10కి 4. షాపులు ఎన్ని ఉన్నా కొనుగోలు రికార్డు ఒకటే ఉండాలన్న ఆలోచనకి 10కి 8. తగ్గించిన ఆ రెండు మార్కులూ సర్వర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దానికి. లైసెన్స్ మార్చుకున్నప్పుడు రెండో షాపు కొంచెం ఫీజు తీసుకోవచ్చు. మూడోసారి కూడా పూర్తి ధర కట్టిన నాకు, ఆ ఫీజు కట్టడానికి ఏ అభ్యంతరమూ లేదు.