ఏడు ప్రశ్నార్థకాలు

(చెన్నై తిరువల్లిక్కేణిలో తెలుగు డీటీపీ, ముద్రణ పనివాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న కంపోజింగ్ తరం అన్నలకు, వెనకాల నిలబడ్డ ఆపరేటర్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు గారు 1854లో అచ్చుకూటం పెట్టిన ఊరిది. ఇక్కడ తెలుగు అచ్చు గురించి మాట్లాడమని పిలిచినందుకు చాలా సంతోషం.

మనం పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో ప్లగిన్, అంటే దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, మొరాయిస్తే లాగింగ్ ఎలా ఆన్ చేయాలో చెప్పమన్నారు. లాగ్ అంటే ప్రోగ్రాం తాను చేసే పనులను వరసగా రాసిపెట్టుకునే ఫైలు. చెప్తాను. కానీ ముందు ఒక కుర్రాడి గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది నాకు నోట రాదు.

అప్పట్లో నేనొక ప్రెస్సులో సీనియర్‌ని. సూళ్ళూరుపేట నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చే ఆపరేటర్ ఒకడుండేవాడు. చేతి వేగం బాగుండేది, తప్పులు తక్కువ. శ్రీరామనవమికి ఒక భజన మండలి వాళ్ళ సావనీరు, 96 పేజీలు, వాడే కట్టాడు. అంతా అయ్యాక పీడీఎఫ్ చేద్దామని ఎక్స్‌పోర్ట్ కొడితే ఇన్‌డిజైన్ చప్పుడు లేకుండా మూసుకుపోయింది. మళ్ళీ తెరిచి కొడితే మళ్ళీ అంతే.

ఓనరు గారు ‘తెలుగు ఫాంట్ ప్రాబ్లం’ అన్నారు. ఫాంట్ మార్చాం, పోలేదు. ‘విండోస్ పాడైంది’ అన్నారు. ఫార్మాట్ కొట్టాం, పోలేదు. పండగ దగ్గరపడుతోంది, అందరికీ టెన్షన్. చివరికి ‘వీడేదో కెలికాడు’ అన్నారు. ‘నేనేం ముట్టుకోలేదన్నా’ అని వాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. పేజీలు విడగొట్టి పీడీఎఫ్‌లు తీస్తే ఒక్క పేజీ తప్ప అన్నీ వచ్చాయి. ఆ పేజీని వేరే సాఫ్ట్‌వేర్‌లో కట్టి పని గట్టెక్కించాం. ఆ ఒక్క పేజీ ఎందుకు రాలేదని ఎవరం అడగలేదు. ఆ నెలాఖరు దాకా కూడా వాణ్ణి ఉంచలేదు.

అయ్యా, ‘ఫాంట్ ప్రాబ్లం’ అనే మాట మనకు ఊరికే అలవాటు కాలేదు. ఇన్‌డిజైన్‌కి ముందు పేజీలు కట్టిన పేజ్‌మేకర్ రోజుల్లో మన తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో కూర్చునేవి. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పేజీ నిండా పిచ్చి రాతలే. కాబట్టి అప్పుడు ఫాంట్‌ని అనుమానించడం సరైన పనే. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు సొంత చోటుంది. చోటు మారింది, మన అనుమానం మాత్రం మారలేదు.

నెల తర్వాత నాకు నిద్రపట్టక ఆ ఫైలు కాపీ తీసుకుని కూర్చున్నాను. పీడీఎఫ్‌కి ముందు బొమ్మల రిజల్యూషన్ సరిచూసే ప్లగిన్ ఒకటి కొనుక్కుని వాడేవాళ్ళం. దాని సెట్టింగ్స్‌లో అడుగున చిన్న టిక్ ఉంది, వివరమైన లాగ్ రాయడానికి. అన్నేళ్ళూ అది ఖాళీగానే ఉంది. టిక్ పెట్టాను, ఎక్స్‌పోర్ట్ కొట్టాను, మూసుకుపోయింది. నోట్‌ప్యాడ్‌లో లాగ్ తెరిచాను. వరసగా టైము, తెరిచిన బొమ్మ పేరు, టైము, బొమ్మ పేరు. ఆఖరి వరుసలో ఫోల్డర్ పేరు, ఆ తర్వాత ప్రశ్నార్థకాలు, చివర జేపీజీ. అక్కడితో ఆగిపోయింది.

గోటితో స్క్రీన్ మీద లెక్కపెట్టాను. ఏడు. ఆ పేజీలో మండలి వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫొటో ఉంది. వాళ్ళు పెట్టిన పేరు తెలుగులో ‘శ్రీరామ’. మన కంటికి అది మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ర, దీర్ఘం, మ. ఏడు. ఇన్‌డిజైన్ ఆ పేరు చదవగలదు, విండోస్ చదవగలదు. ఆ ప్లగిన్‌కి తెలుగు పేరు అర్థంకాక ఒక్కో దానికి ఒక్కో ప్రశ్నార్థకం వేసుకుని, లేని ఫైలు కోసం వెతికి, తనతో పాటు ఇన్‌డిజైన్‌నీ కూల్చింది. ఫొటో పేరు ఇంగ్లీషులోకి మార్చాను. పీడీఎఫ్ వచ్చింది. అర నిమిషం పని.

తమ్ముళ్ళూ, ఇక పని మాట. రాసుకోండి. ఇన్‌డిజైన్ పక్కన ప్యానెల్‌లా తెరుచుకునే, అడోబి వాళ్ళ సీఈపీ పద్ధతిలో చేసిన ఎక్స్‌టెన్షన్లయితే, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, అడోబి, దాని కింద సీఎస్‌ఎక్స్‌ఎస్ అని వెర్షన్ నంబరుతో ఒక కీ ఉంటుంది. అందులో లాగ్‌లెవెల్ అనే స్ట్రింగ్ విలువ పెట్టాలి. 0 అంటే ఏమీ రాయదు, 1 అంటే ఎర్రర్లు మాత్రమే, 6 అంటే అన్నీ. మామూలుగా 1 మీద ఉంటుంది. మార్చాక ఇన్‌డిజైన్ మూసి తెరవాలి. లాగ్ మీ టెంప్ ఫోల్డర్లో పడుతుంది, పేరులో ఇన్‌డిజైన్‌కి గుర్తుగా ఐడీఎస్ఎన్ అని ఉంటుంది. మ్యాక్‌లో అయితే యూజర్ లైబ్రరీలో లాగ్స్ ఫోల్డర్ కింద చూడాలి. పని అవగానే మళ్ళీ 1కి తెచ్చేయండి, 6 మీద వదిలేస్తే ఫైలు పెరిగిపోతూ ఉంటుంది.

మాది అలాంటి ప్యానెల్ కాదు, ఇన్‌డిజైన్ లోపలే కూర్చునే ప్లగిన్. అలాంటివాటికి ఆ రిజిస్ట్రీ పనిచేయదు, తయారుచేసినవాళ్ళు ఇచ్చిన సెట్టింగే దిక్కు. అదీ లేకపోతే కంట్రోల్ నొక్కిపట్టి హెల్ప్‌లో ‘అబౌట్ ఇన్‌డిజైన్’ తెరవండి. ఏ ప్లగిన్లు ఎక్కి ఉన్నాయో, మీ డాక్యుమెంట్ ఏ వెర్షన్ల చేతుల్లో తిరిగిందో చూపిస్తుంది. తర్వాత బయటి ప్లగిన్లలో సగం పక్కకు తీసి చూడండి, తగ్గకపోతే మిగతా సగం. ప్లగిన్ వాళ్ళకు రాసేటప్పుడు ‘క్రాష్ అవుతోంది’ అని మాత్రం రాయకండి. కూలిన టైము రాసి, లాగ్ జతచేయండి. పంపేముందు అందులో కస్టమర్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. నేను ఆ ఆఖరి పది వరుసలు పంపితే వాళ్ళు ప్లగిన్ సరిచేసి పంపారు.

ఇక్కడున్న ఓనర్లను చేతులు జోడించి అడుగుతున్నాను. ఎవరినైనా అనేముందు ఆ లాగ్ ఫైలు ఒక్కసారి తెరిపించండి. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ఆ రోజు నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు.

లాగ్ దొరికిన రోజే వాడికి ఫోన్ చేశాను. నంబరు మారిపోయింది. ఇంత మంది ముందు వాడి పేరు చెప్పడం బాగుండదు. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు మీలో ఉంటే, మీటింగ్ అయ్యాక ఒక్క నిమిషం నా దగ్గరికి రండి. ఆ ఆఖరి వరుస ప్రింటు తీసి జేబులో పెట్టుకొచ్చాను. అది వాడికి చేరాలి.