మత్తు ఇచ్చే ముందు అడిగే ప్రశ్న

(గుంటూరులో ఒక వాకర్స్ క్లబ్ సమావేశంలో రిటైర్డ్ మత్తు డాక్టరు చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, సెక్రటరీ గారికి, రోజూ పొద్దున్నే స్టేడియంలో నన్ను దాటుకుని వెళ్ళిపోయే మిత్రులందరికీ నమస్కారం. ఇందాక పరిచయం చేసినవారు నన్ను 'ప్రముఖ వైద్యురాలు' అన్నారు. అంత లేదండీ. నేను మత్తు డాక్టర్ని. ఈ ఊళ్ళో ఎంతమందికి మత్తిచ్చానో లెక్క లేదు, వాళ్ళలో నా పేరు తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి ఎక్కడ సిజేరియన్ ఉంటే అక్కడ. కళ్ళు తెరిచాక పేషెంటు దండం పెట్టేది సర్జన్ గారికి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

సెక్రటరీ గారు 'జన్యు పరీక్షలు, మన ఆరోగ్యం' అని టాపిక్ ఇచ్చారు. 1990లో మొదలుపెట్టి 2003లో మనిషి జన్యు పటం పూర్తయిందని ప్రకటించారు. మొత్తం మూడు వందల కోట్ల డీఎన్ఏ అక్షరాలు. అప్పుడు పదమూడేళ్ళు పట్టిన పని ఇప్పుడు రోజుల్లో అవుతోంది. ఈ కథంతా మీ మనవళ్ళు ఫోన్లో చూసి నాకంటే బాగా చెబుతారు. నేను థియేటర్లో చూసింది చెబుతాను.

మన వైపు మత్తు డాక్టర్లకి ఒక అలవాటుంది. ఆపరేషన్‌కి ముందు అన్నీ అడుగుతాం, బీపీ, షుగరు, పళ్ళు కదులుతున్నాయా అని. చివర్లో కొంచెం మొహమాటంగా, "మీరు వైశ్యులా అండీ?" అని అడుగుతాం. చాలామందికి కోపం వచ్చేది. "ఆపరేషన్‌కీ కులానికీ ఏంటమ్మా సంబంధం?" అనేవారు. ఉందండీ.

స్కోలిన్ అని ఒక ఇంజెక్షన్. గొంతులో గొట్టం వెయ్యాలంటే కండరాలు వదులవ్వాలి కదా, దానికి ఇస్తాం. ఇవ్వగానే ఒళ్ళంతా సన్నగా అదురుతుంది, కనురెప్పల దగ్గర నుంచి కాలి వేళ్ళ దాకా. తర్వాత మనిషి వదిలేసినట్టు అయిపోతాడు, ఊపిరి కూడా తీసుకోడు. ఆ ఊపిరి మేం ఇస్తాం. ఐదు, పది నిమిషాల్లో మందు దిగిపోతుంది. దాన్ని విరిచేసేది రక్తంలో ఉండే ఒక ఎంజైము, సూడోకోలినెస్టరేజ్. లివర్లో తయారవుతుంది. పురుగుమందు కేసుల్లో చేయించే పరీక్ష ఇదే. పత్తి, మిర్చి పండే జిల్లా కాబట్టి మన ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్ళకి పది నిమిషాల మందు గంటల తరబడి దిగదు. అలాంటివాళ్ళు వైశ్యుల్లో ఎక్కువగా కనిపించేవారు, అందుకే ఆ ప్రశ్న.

ఎనభైల్లో మాట. ఒక నర్సింగ్ హోమ్, పేరు వద్దు. రాత్రి పూట అపెండిక్స్ కేసు, పెళ్ళి కావలసిన కుర్రాడు. ఆపరేషన్ ముప్పావు గంటలో అయిపోయింది, సర్జన్ గారు చేతులు కడుక్కుని ఇంటికెళ్ళిపోయారు. కుర్రాడు ఊపిరి తీసుకోడు. వెంటిలేటర్ లేదు. చేత్తో బ్యాగు నొక్కుతూ కూర్చున్నాను. నేను అలిసిపోతే సిస్టరు, సిస్టరు అలిసిపోతే నేను. మధ్యలో కరెంటు పోయింది, ఆయమ్మ టార్చి లైటు పట్టుకుంది. అందులో భయంకరమైన సంగతేంటంటే, నేను మత్తు గ్యాస్ ఆపేస్తే వాడికి తెలివి వస్తుంది, అన్నీ వినపడతాయి, కానీ కనురెప్ప కూడా కదపలేడు. అందుకని నిద్రలోనే ఉంచాలి, ఊపిరి ఇస్తూనే ఉండాలి. బయట తండ్రి తలుపు కొడుతూనే ఉన్నాడు. తెల్లారుతుండగా పొట్ట దగ్గర చిన్నగా ఎక్కిళ్ళలాగా కదిలింది. అది వాడి సొంత ఊపిరి.

కేస్ షీటులో ఎర్ర సిరాతో రాశాను, ఇతనికి స్కోలిన్ ఇవ్వకూడదు, తోబుట్టువులకీ పరీక్ష చెయ్యాలి అని. కేస్ షీటు ఆసుపత్రి బీరువాలో ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళేది డిశ్చార్జి చీటీ. అందులో వాళ్ళు రాసింది ఒక్కటే ముక్క, 'కోలుకున్నాడు' అని. తండ్రికి నోటితో చెబుదామనుకున్నాను, "వాళ్ళని ఎందుకు భయపెడతారు డాక్టరమ్మా, మన పేరు పోతుంది" అన్నారు నర్సింగ్ హోమ్ యజమాని. నేను వెళ్ళేసరికి వాళ్ళు డిశ్చార్జి అయిపోయి, ఊరికి వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో ఆ తల్లి నన్ను గుర్తుపట్టింది. "మా పెద్దమ్మాయికి సిజేరియనప్పుడు కూడా ఇలాగే అయ్యిందమ్మా, పక్క ఊళ్ళో. దిష్టి తగిలిందన్నారు" అంది. ఆ అమ్మాయి బతికింది. కానీ దిష్టి అన్నారు చూడండి! తల్లీ తండ్రీ ఇద్దరిలో దాగి ఉన్న లోపం కాబట్టి, ఆ ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఒక చీటీ ఇచ్చి ఉంటే ఆ అమ్మాయికి వేరే మందు వాడేవారు. వేరే మందులు ఉన్నాయండీ, ఎప్పటినుంచో ఉన్నాయి.

మేం అనుభవంతో అడిగిన ప్రశ్నకి కారణం తర్వాత తేలింది. మూడో క్రోమోజోము మీద బీసీహెచ్ఈ అనే జీన్. అందులో ఒక్క అక్షరం మారితే ఎంజైము తయారీ దెబ్బతింటుంది. 2017లో మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలో రెండు వందల అరవైకి పైగా సమూహాల జన్యువులు చూశారు. 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచే పుట్టి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న గుర్తులు చాలా గట్టిగా కనిపించాయి. వైశ్యులు అందులో ఒకరు మాత్రమే. దీన్ని ఒక కులానికి మచ్చగా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, నేను మాట్లాడతాను. ఎవరి వాటా వాళ్ళకుంది, మా ఇంటితో సహా.

ఇంకో సంగతి. వైశ్యులందరికీ ఈ లోపం ఉండదు, మిగతావాళ్ళకి ఉండదని గ్యారంటీ లేదు. కులాంతర పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి, మంచిదే. ఇంటిపేరు చూసి ఇంక ఏం ఊహిస్తాం? పరీక్ష అయితే కులం అడగక్కర్లేదు, ఆ మనిషి రక్తాన్నే అడుగుతుంది. జన్యు పరీక్షల్లో నాకు నచ్చింది ఇదే.

ఈ హాల్లో స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. మీ జేబులో రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర ఉంటుంది. దాన్ని పనిచేసే మందుగా మార్చేది లివర్లోని ఒక ఎంజైము. ఆ ఎంజైము సరిగ్గా లేనివాళ్ళలో మందు బలం తగ్గుతుందని 2010లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టింది. అయ్యా, మీరు ఈ మాట విని రేపు మాత్ర మానేస్తే నేనే మిమ్మల్ని చంపినదాన్నవుతాను. మానొద్దు. కార్డియాలజిస్టుని అడగండి, అంతే. సెంట్రల్ గవర్నమెంటు జీనోమ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద పదివేల మంది జన్యువులు చదివించి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకి అందుబాటులో పెట్టింది. మందు మోతాదులు ఇన్నాళ్ళూ ఎక్కువగా తెల్లవాళ్ళ మీద చూసి పెట్టినవి. మన లెక్క మనకి ఉండాలి.

ఉమ్మి డబ్బాలో వేసి పంపితే మీ మనవడు క్రికెట్ ఆడతాడో డాక్టరవుతాడో చెప్పే కిట్ల మీద మాత్రం డబ్బు తగలెయ్యకండి. నా దగ్గరికి ఒకాయన వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టు తెచ్చాడు. పేజీలకి పేజీలు ఇంగ్లీషు, మధ్యలో ఎర్ర అక్షరాలు. దాని అర్థం, "ఈ మార్పు మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదు" అని. ఆయనకి అప్పటికే వారం నుంచి నిద్ర లేదు. పరీక్ష అమ్మేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారు, కూర్చోబెట్టి విడమర్చి చెప్పే కౌన్సెలర్ కోసం వెతుక్కోవాలి. పరీక్ష చేయించే ముందే అడగండి, రిపోర్టు వచ్చాక నాకు ఎవరు చెబుతారు అని.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలండీ. సికిల్ సెల్ అని ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఉంది. దానికోసం 2023 జూలైలో మొదలైన మిషన్‌లో, గిరిజన ప్రాంతాల్లో రక్తం పరీక్ష చేసి, ఎవరికి వ్యాధి ఉంది, ఎవరు క్యారియరు, అంటే లోపం లోపల దాగి ఉన్నవాళ్ళు, అని చేతికి కార్డు ఇస్తున్నారు. కొండ మీద ఇస్తున్న కార్డు ఇంత పెద్ద గుంటూరులో ఎందుకు ఇవ్వరు? ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని స్కానింగులు! మందు పడలేదన్న సంగతి చీటీ మీద రాసివ్వడానికి యంత్రం కావాలా? నేను ఇదే మాట మీటింగుల్లో అని అని విసిగిపోయాను. ఇంక వాళ్ళని అడగను, మిమ్మల్ని అడుగుతున్నాను.

వెనకాల టేబుల్ మీద అట్ట కార్డులు పెట్టించాను, నా సొంత ఖర్చు. మీకు జరిగిన ఆపరేషన్లు, మత్తు దిగడం ఆలస్యమైందా, ఏ మందు పడలేదు, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఆపరేషన్ టేబుల్ మీద ఇబ్బంది వచ్చిందా, ఇవి రాయండి. మేనరికం పెళ్ళి అయితే అదీ రాయండి, సిగ్గుపడక్కర్లేదు. తెలియకపోతే ఇక్కడే ఫోన్ చేసి మీ అక్కనో, పెద్దనాన్ననో అడగండి. టిఫిన్ వేడిగానే ఉంటుందట, తర్వాత తినొచ్చు. పెన్ను లేనివాళ్ళు చెయ్యెత్తండి.