పెరోల్ బోర్డులో ఎవరు కూర్చోవాలి?

శ్రోతలకు నమస్కారం. పెరోల్ అనగానే మన దగ్గర గుర్తుకు వచ్చేది, ఇంట్లో పెళ్లి ఉన్నదనో, తండ్రి పోయాడనో ఖైదీని కొద్దిరోజులు బయటికి పంపి, గడువు తీరగానే మళ్లీ లోపలికి తీసుకోవడం. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ చాలా హత్య కేసుల్లో శిక్షకు కింది హద్దు 15 ఏళ్లనో, 25 ఏళ్లనో, పై హద్దు యావజ్జీవమనో చెబుతారు. కింది హద్దు పూర్తిచేసిన ఖైదీ మిగిలిన కాలాన్ని అధికారుల నిఘాలో బయట గడపవచ్చునా అన్నది తేల్చేది పెరోల్ బోర్డు.

ఆ బోర్డులో 19 మంది వరకు ఉండవచ్చు. గవర్నరు పేరు ప్రతిపాదించాలి, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. పదవీకాలం 6 ఏళ్లు. నాలుగేళ్ల డిగ్రీతో పాటు నేరశాస్త్రం, న్యాయం, పోలీసు విధులు, మనస్తత్వశాస్త్రం, వైద్యం వంటి రంగాలలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలని చట్టం చెబుతుంది.

అర్హతల పట్టిక ఒక ఎత్తు, కుర్చీలో కూర్చున్న మనిషి ఒక ఎత్తు. ఆకుపచ్చ జైలు దుస్తులలో ఉన్న ఖైదీ తరచుగా వీడియో తెర ముందు కూర్చుంటాడు. ఎక్కడో ఉన్న ఇద్దరో ముగ్గురో కమిషనర్లు, అంటే బోర్డు సభ్యులు, ఫైలు తిరగేస్తూ, ఎప్పటిదో ఆ రాత్రి గురించి అడుగుతారు. మళ్లీ చట్టం దాటకుండా బతకగలడా, విడుదల సమాజ క్షేమానికి అడ్డు కాదా, నేర తీవ్రతను తేలిక చేసి చట్టంపై గౌరవాన్ని తగ్గించదా అన్నవి వారు చూడవలసిన కొలమానాలు. ఈ చివరిదానిని తూచే తక్కెడ ఏదీ లేదు. తూచేవారి మనసే తక్కెడ. కాదన్నారా, మళ్లీ వినడానికి 24 నెలల వరకు గడువు పెట్టవచ్చు.

1971లో ఇద్దరు పోలీసులను చంపిన కేసులో శిక్ష అనుభవిస్తున్న హెర్మన్ బెల్‌కు 2018లో బోర్డు పెరోల్ ఇచ్చింది. చనిపోయిన ఒక పోలీసు భార్య గట్టిగా వ్యతిరేకించారు. రెండవ పోలీసు కుమారుడు విడుదలను సమర్థించారు. రాష్ట్రమంతా చర్చ సాగినా, ఆ నిర్ణయాన్ని కొట్టివేసే అధికారం గవర్నరుకు గాని, సెనేట్‌కు గాని లేదు. కాలిఫోర్నియాలో అయితే, 1988లో ప్రజలు ఓటు వేసి ఆమోదించిన సవరణ వల్ల, హత్య కేసుల్లో బోర్డు నిర్ణయాన్ని గవర్నరు తిరగరాయవచ్చు.

న్యూయార్క్ సెనేటర్లు ఒక్కొక్క కేసులో వేలుపెట్టలేరు గనుక, వారి పట్టు ఉన్నది నియామకం దగ్గరే. అందుకే ఆమోదానికి ముందు అభ్యర్థిని వారు అడిగే ప్రశ్నలకు అంత విలువ. ఫలానా ఖైదీని వదులుతారా అని అడగడం, నా దృష్టిలో, తీర్పును ముందే రాయించుకోవడం. ముప్పై ఏళ్లలో మనిషి మారాడని దేనిని చూసి నమ్ముతారు అని అడగాలి. ఇక గవర్నరు నుంచి పేరే ముందుకు రాకపోతే, అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఉన్న కొద్దిమంది మీదే ఫైళ్లన్నీ పడతాయి.