వయొలిన్ వచ్చిన చేతికి వీణ

సభలోని పెద్దలకు, వయొలిన్ విద్వాంసులకు, విద్యార్థులకు నమస్కారం.

మన రాయగడలో రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. ఆ పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. ఇంత దగ్గరలో వీణ పుడుతుంటే వయొలిన్ వాయించేవాళ్లకు దాని మీద మనసు పోవడం సహజం. అయితే ఏళ్ల తరబడి కమాను పట్టినవాళ్లు కూడా వీణ మొదలుపెట్టి కొన్ని నెలలకే మూల పెట్టేస్తుంటారు. జ్ఞానం చాలక కాదు. చెవికి తోడి లాంటి పెద్ద రాగం తెలుసు, చేతికి తొలి పాఠాలైన సరళి వరసలు కూడా తెలియవు. చెవి తొందరపెడుతుంది, చెయ్యి బిగుసుకుపోతుంది. ఈ వేళ ఆ చేతి గురించే చెబుతాను.

ముందు తీగలు. వయొలిన్‌లో మంద్రం, అంటే కింది స్థాయి, నుంచి పైకి నాలుగు తీగలు షడ్జం, పంచమం, షడ్జం, పంచమం. వీణలో మంద్రం కన్నా కిందిదైన అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర పంచమం, ఆపైన మధ్య షడ్జం పలికే సారణి అనే తీగ. అంటే మీకు అలవాటైన పై పంచమం తీగ ఇక్కడ లేదు. వయొలిన్ మీద మధ్య స్థాయి అంతా దాదాపు చెయ్యి కదలకుండా రెండు తీగల మీద దొరుకుతుంది. వీణలో దాన్ని సారణి ఒక్కదాని మీదే, 12 మెట్ల (తీగ కింద అడ్డంగా ఉండే కడ్డీల) దూరం జరిగి పట్టుకోవాలి. అందుకే మొదటి నెల సారణి దాటవద్దు. రెండో మెట్టు చతుశ్రుతి రిషభం, నాలుగు అంతర గాంధారం, అయిదు శుద్ధ మధ్యమం, ఏడు పంచమం, పన్నెండు తార షడ్జం, అంటే పై స్థాయి షడ్జం. కళ్లు మూసుకున్నా ముంజేయి ఆ దూరాలకు తానే వెళ్లాలి.

ఎడమ చేతికి చూపుడు వేలు, మధ్య వేలు చాలు. ఉంగరపు వేలు పాత అలవాటుతో తీగ మీదకు వచ్చేస్తుంది, రానివ్వకండి. వేలు మెట్టుకు ఆనుకుని, వీణ చివర చెక్కిన సింహం లాంటి యాళి తల వైపున ఉండాలి. రెండు మెట్ల నడుమ నొక్కితే తీగ జరజరలాడుతుంది. వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాసుకుని, 20 నిమిషాలకు ఒకసారి ఆపండి. బొబ్బ లేచిందంటే ఆ రోజుకు వీణ ఆపాల్సిందే.

అసలు కష్టం కుడి చేతిది. కమాను ఉన్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది. కాస్త తప్పినా వేలు జరిపి సర్దుకోవచ్చు. వీణలో మీటిన క్షణం నుంచే నాదం తగ్గిపోతూ వస్తుంది. సర్దుకునే వ్యవధి లేదు, వేలు ముందే సరైన చోట ఉండాలి. ఇంకొకటి, ఒక్క కమానులో ఎనిమిది స్వరాలు పలికించిన అలవాటుతో ఇక్కడ ఒక్క మీటుకు ఎనిమిదీ లాగితే చివరి నాలుగూ వినపడవు. ఆ భయంతో ప్రతి స్వరానికీ మీటితే రాగం ముక్కలవుతుంది. మీటు ఎక్కడ పడాలో పాట సాహిత్యం చెబుతుంది. గీతం అనే చిన్న పాట తీసుకుని నోటితో పాడుతూ, అక్షరం పడిన చోటే మీటండి, అకారం సాగిన చోట ఎడమ చేతితోనే నడపండి. చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి మీటాలి. చిటికెన వేలితో, పక్కన ఉండే తాళం తీగలు పలికించడం మొదటి వారం నుంచే చేయండి. తర్వాత కలుపుదామనుకుంటే ఆ వేలు ఎప్పటికీ విడిగానే ఉండిపోతుంది.

ఇక గమకం, అంటే స్వరాన్ని కదిలించి పలికించడం. వయొలిన్ మీద వేలు జారితే స్వరం కదులుతుంది. వీణలో జారు ఉంది గానీ, ప్రాణమంతా తీగను మెట్టు మీద పక్కకు లాగడంలో ఉంది. దానికి కొలత ఇలా పెట్టుకోండి. నాలుగో మెట్టు మీద అంతర గాంధారం నిలకడగా మీటి వినండి. తర్వాత రెండో మెట్టు మీద మీటి, అదే గాంధారం వచ్చేదాకా లాగి, అక్కడ ఆపండి. మళ్లీ నాలుగో మెట్టుతో సరిచూడండి. ఇది కుదిరాక అదే రెండో మెట్టు నుంచి మధ్యమం దాకా లాగండి. ఎక్కువమంది లాగేది తక్కువ, ఊపేది ఎక్కువ. స్వరం గమ్యం చేరకుండానే వెనక్కి వస్తుంది. మూడు నెలల దాకా, గీతం తర్వాతి పెద్ద పాఠమైన వర్ణం ముట్టకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

శ్రుతి, అంటే షడ్జం ఎంత ఎత్తున పెట్టుకోవాలన్న విషయం; దాన్ని హార్మోనియం మెట్ల లెక్కన చెబుతాం. గాత్రానికి పక్కవాద్యం వాయించే అయిదు శ్రుతికి వీణను బిగించకండి. తీగ తెగుతుంది, తెగకపోతే లాగడానికి లొంగదు. రెండున్నర నుంచి నాలుగు లోపల పెట్టుకోండి. చిన్న తేడాలను తీగ బిగించే బిరడతో కాక, తీగ రెండో కొసన ఉండే లంగర్ల మీది ఉంగరాలతో సరిచేయండి.

అపస్వరం వస్తే చేతిని తిట్టుకునే ముందు వాద్యాన్ని చూడండి. ఒకే మెట్టు అన్ని తీగల మీదా తప్పుతుంటే మెట్టు కదిలింది. ఒకే తీగ చాలా మెట్ల మీద తప్పుతుంటే తీగ పాతబడింది. మెట్లు నిలబడేది మైనం మీద. మే నెలలో రేకుల కప్పు కింద గాని, ఎండ పడే కిటికీ దగ్గర గాని వీణ ఉంచితే మైనం మెత్తబడుతుంది, గట్టిగా లాగినప్పుడు మెట్టు జరుగుతుంది. మెట్లు మీరే నొక్కి సరిపెట్టకండి. మేళం కట్టడం, అంటే మైనం మీద మెట్లు అమర్చడం, ఆ పని తెలిసిన చేతికే వదలండి. వానాకాలంలో వాయించిన వెంటనే ఉక్కు తీగలను పొడిబట్టతో తుడవాలి, చెమట తడికి తుప్పు పడుతుంది.

రెండూ సాధన చేసే రోజుల్లో వయొలిన్ ముందు, వీణ తర్వాత. వీణ తీగ వేలి మీద వేసిన గాడి దిగకుండా వయొలిన్ పట్టుకుంటే నొక్కు తెలియదు, స్థానం తప్పుతుంది. మర్నాడు కచేరీ ఉంటే ముందురోజు సాయంత్రం వీణకు సెలవివ్వండి.