ఆ నలుగురూ ఎక్కడ ఆడుతున్నారు?

శ్రోతలకు నమస్కారం.

మొన్న సాయంత్రం తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్ దగ్గర బంతి చంకన పెట్టుకున్న ఓ పిల్లాడు అడిగాడు: "సార్, ఐపీఎల్‌లో ఫారినోళ్లు నలుగురే ఆడాల గదా, మరి ఫుట్‌బాల్‌లో?"

అక్కడా నలుగురే నాయనా, అన్నాను. ఇంటికొచ్చాక సగం జవాబే చెప్పాననిపించింది.

మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ పోటీ ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు మైదానంలో ఆరుగురు విదేశీయులు ఆడొచ్చు. 2017లో ఐదుగురన్నారు, 2021లో నలుగురికి దించారు. ఆసియా క్లబ్ పోటీల్లో అప్పట్లో ముగ్గురు విదేశీయులు, ఇంకో ఆసియా దేశపు ఆటగాడు, మొత్తం నలుగురు అనే లెక్క ఉండేది. దాన్ని చూసే మనవాళ్లూ తగ్గించారు. తమాషా ఏమిటంటే, 2024 నుంచి ఆసియా సమాఖ్యే తన పెద్ద పోటీలో ఆ పరిమితి ఎత్తేసింది!

యూరప్‌లోనూ ఈ తంటా ఉండేది. 1994లో బార్సిలోనాతో మ్యాచ్‌కి మాంచెస్టర్ యునైటెడ్ ఈ లెక్క కుదరక తన డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకెల్‌ను పక్కనబెట్టి, నాలుగు గోల్స్ తినింది. మరుసటి ఏడాది బెల్జియం ఆటగాడు బోస్మన్ వేసిన కేసు తీర్పుతో యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లకు ఆ అడ్డు తొలగింది.

మళ్లీ మన సంగతికొద్దాం. ఎంతమందో నియమం చెబుతుంది గానీ, ఏ చోట ఆడాలో చెప్పదు. పెళ్లింట్లో వడ్డన మన పిల్లలు చేస్తారు, గరిటె మాత్రం బయటి వంటమాస్టరు చేతిలోనే ఉంటుంది. ఇక్కడా అంతే. డబ్బు పోసి తెచ్చినవాణ్ని క్లబ్బు గోల్ కొట్టే చోటే నిలబెడుతుంది. మొదటి సీజన్ నుంచి 2024-25 దాకా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడికి దక్కలేదు. మన దేశానికి అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీ కూడా, బెంగళూరు జట్టులో వెనిజులా ఆటగాడు మికు ఉన్నప్పుడు గోల్ ముందు చోటు వదిలి ఎడమ పక్కకు జరిగి ఆడాడు. 2022లో మన హైదరాబాద్ కప్పు గెలిస్తే నేనూ గంతులేశాను. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది మాత్రం నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. 1962 ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం గారి ఊరండీ హైదరాబాద్!

ముగ్గురికి తగ్గిస్తే? నాకు నమ్మకం లేదు. కోత పడితే క్లబ్బులు ముందు వదులుకునేది వెనక అడ్డుకునే విదేశీ డిఫెండర్‌నే గానీ, గోల్ కొట్టే స్ట్రైకర్‌ను కాదని నా అనుమానం. అలాంటి స్ట్రైకర్లను ఆపీ ఆపీ మన డిఫెండర్లు రాటుదేలారు, అది ఒప్పుకోవాలి. మనవాడికి గోల్ ముందు నిలబడే నిమిషాలే కరువు. తలకాయలు లెక్కబెట్టడం మాని, ఆ నిమిషాలను లెక్కబెట్టే నియమం పెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

అన్నట్టు, ఆ పిల్లాణ్ని నువ్వెక్కడ ఆడతావురా అనడిగాను.

"ముందరే సార్! బ్యాక్‌లో ఎవురాడతారు?"