తొలిపావంచాకి ముందు నూరు కిలోమీటర్లు

సభకి నమస్కారం. సర్పంచ్ గారికి, గుడి పెద్దలకి, పందిరి వేసిన కుర్రాళ్ళకి, తెల్లారగట్లనుంచి పొయ్యి దగ్గరే ఉన్న అమ్మలకి, అరుగుల మీద కూర్చుని వింటున్న పెద్దలకి, అందరికీ పేరుపేరునా నమస్కారం. ఎవరినైనా మర్చిపోతే మన్నించండి.

వచ్చే వారం మన బృందం నడక మొదలుపెడుతుంది కదా, ‘పాదయాత్రలో భక్తి’ అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. కాగితం మీద రాసుకొచ్చాను. అదే మొదలుపెడతాను.

శ్రీకూర్మం నుంచి సింహాద్రి అప్పన్న దగ్గరికి నడవడం మనతో మొదలైంది కాదు. 1510 ప్రాంతంలో చైతన్య మహాప్రభువు పూరీ నుంచి దక్షిణానికి కాలినడకన వస్తూ మన కూర్మనాథుణ్ణి దర్శించుకున్నారు. వాసుదేవుడనే కుష్ఠురోగి ఆయన్ని చూడాలని వస్తే, అప్పటికే ఆయన వెళ్ళిపోయారని తెలిసిందట. ఆ మనిషి నేల మీద పడి ఏడిస్తే, వెళ్ళినాయన వెనక్కి వచ్చి కౌగిలించుకున్నారని ఆయన చరిత్రలో రాశారు. ఇక్కడి నుంచి ఆయన సింహాచలమే వెళ్ళారు. ముప్పై ఏళ్ళు ఏఎన్‌ఎం నర్సుగా ఊళ్ళు తిరిగి కుష్ఠు మాత్రలు ఇచ్చినదాన్ని. ఆ కథలో నాకు ఆయన వెనక్కి తిరిగి రావడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. ముందుకెళ్ళిన మనిషి ఒకరి కోసం వెనక్కి నడవడం.

కాగితం ఇక్కడితో పక్కన పెడతాను. వేరే మాట చెప్పాలి.

నేను ఆరుసార్లు నడిచాను. నాగావళి వంతెన దాటి ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, నాతవలస, భోగాపురం, గోస్తనీ దగ్గర తగరపువలస, అక్కణ్ణించి ఆనందపురం, సింహాచలం. నూరు కిలోమీటర్లు దాటుతుంది. మొదటిసారి నడిచినప్పుడు రోడ్డు పక్కన చెట్లుండేవి. ఇప్పుడు ఆరు లైన్ల రోడ్డు. బస్సులకీ లారీలకీ బాగుంది, కాదనను. కాళ్ళతో వెళ్ళేవాళ్ళకి మాత్రం నీడ లేదు.

ఓ ఏడాది ఆషాఢమైనా చినుకు పడలేదు. రణస్థలం దాటాక ఒక ముసలమ్మ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. గొడుగు లేదు, నెత్తి మీద తడిగుడ్డ వేసుకుంది. మమ్మల్ని చూసి, “ఓలమ్మా, అప్పన్న కాడికేటి? నానూ ఎల్లినదాన్నే, మా ముసిలోడున్నన్నాళ్ళూ” అంది. చేత్తో రోడ్డు మధ్యకి చూపించి, “అదిగో, అక్కడ చింతచెట్టుండీది. దాని కింద నుయ్యుండీది. రోడ్డు కింద పోనాయి” అంది. మా అందరికీ తలో పొత్తు ఇచ్చింది, డబ్బులు పుచ్చుకోలేదు. కొంగు ముడి విప్పి, చెమటకి తడిసిన పదిరూపాయల నోటు, రూపాయి బిళ్ళ నా చేతిలో పెట్టి, “తొలిపావంచా కాడ నా పేరున కాయ కొట్టమ్మా, మోకాళ్ళు పోనాయి” అంది. కొండ కింద ఆ తొలిమెట్టు దగ్గర కొట్టాను. మర్నాడు గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఆవిడ నా పక్కన నడుస్తున్నట్టే అనిపించింది.

ఇక అసలు మాట. ఇక్కడ ఆడవాళ్ళున్నారు, మగవాళ్ళున్నారు, అందరి ముందే చెప్తాను. దాహమైనా మేం నీళ్ళు తాగం. ఎందుకంటే, తాగితే ఎక్కడికి వెళ్ళాలి? ఎటు చూసినా రోడ్డు, రెయిలింగు, వెనక ఎవరిదో ప్రహరీ గోడ. పొద్దున్న ఆరింటికి ఒకసారి, మళ్ళీ చీకటి పడ్డాక. మగవాళ్ళకి ఈ బాధ తెలీదు. తెలీకపోవడం తప్పని అనను, తెలుసుకోకపోవడం తప్పంటాను. నీళ్ళు తాగక, ఉగ్గబట్టుకుని నడిస్తే ఒంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. మంట, చలిజ్వరం, నడుంనొప్పి. యాత్ర నుంచి వచ్చాక ‘ఎండదెబ్బ’ అని పడుకున్న ఎంతమందికి నేనే మాత్రలిప్పించానో!

పైడిభీమవరం దగ్గర మాలో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ముందు ఒక పెట్రోలు బంకులో బాత్రూం అడిగాం. తాళంచెవి లేదన్నారు. తాళంచెవి గోడకి మేకుకి వేలాడుతూ మాకు కనిపిస్తూనే ఉంది. ఎవరి బంకో చెప్పను, నాకు వాళ్ళ మీద పగ లేదు. కానీ ఆ తాళంచెవి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అప్పుడే మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్ దిగి వస్తున్న ఇద్దరు అమ్మాయిలు ఆగారు. ఇరవై ఏళ్ళుంటాయేమో, కళ్ళు నిద్రతో మూతలు పడుతున్నాయి. “రండమ్మా, మా గది పక్క సందులోనే” అన్నారు. పదకొండుమంది ఆడవాళ్ళం, ఆ ఒక్క బాత్రూం ముందు వరసలో నిలబడ్డాం. ఒకమ్మాయి బోరింగు కొట్టి బకెట్లు నింపుతూనే ఉంది. రెండో అమ్మాయి పడిపోయినావిడ అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, బొబ్బలకి కొబ్బరినూనె రాసింది. వాళ్ళు ఆ పూట నిద్రపోలేదు. అమ్మా, భక్తి గురించి చెప్పమన్నారు కదా, నాకు తెలిసింది ఇదే.

గిరిప్రదక్షిణ రోజున విశాఖలో చూడండి. అడవివరం నుంచి గోపాలపట్నం దాకా దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర, మందుల టెంట్లు. ఆ ఊరివాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. ఆ ఒక్కరోజుకి, ఆ 32 కిలోమీటర్లకి అంత చేయగలిగినప్పుడు, అక్కడిదాకా నడిచొచ్చే నూరు కిలోమీటర్లకి ఏమీ చేయలేమా? పెద్ద పెద్ద సత్రాలు కట్టమనడం లేదు. మనం బయల్దేరే ఆ నాలుగు రోజులూ ప్రతి పది కిలోమీటర్లకి ఒక ఇల్లు చాలు. ఒక కుండలో నీళ్ళు, తాళం వేయని ఒక తలుపు.

ఆడపిల్లల్ని ఆ ఊళ్ళకిచ్చాం, ఆ ఊళ్ళనుంచి కోడళ్ళని తెచ్చుకున్నాం. అందుకే అడుగుతున్నాను. పుస్తకం తెచ్చాను. చిలకపాలెంలో ఎవరికైనా చుట్టాలున్నారా? చెయ్యెత్తండి. రణస్థలంలో? మంచిది, రాసుకుంటున్నాను. పైడిభీమవరంలో ఆ అమ్మాయిలున్నారు, ఫోను చేశాను, రమ్మన్నారు. నాతవలసలో? ఎవరూ లేరా? భోగాపురం పోయే దారిలో? ఆ స్తంభం వెనకాల చెయ్యెత్తిన అమ్మాయి, ఇలా ముందుకి రా తల్లీ. మీ పుట్టినిల్లు రోడ్డుకి ఎంత దూరం?